సొంత ఇల్లా, దగ్గరి ఆఫీసా? అనుభవం ఉన్నవారి సలహా కోరుతున్నాను

హైదరాబాదు నల్లకుంటలో పదకొండేళ్లుగా అద్దెకు ఉంటున్న మేము, నగరం అంచున మూడు పడకగదుల ఫ్లాటు కొనాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోతున్నాము. సొంత ఇల్లు ఉంటే సంతోషం దానంతటదే వస్తుందని మా ఇంట్లో అందరి నమ్మకం. మొన్నటి వరకు నాదీ అదే. కానీ అక్కడికి మారితే ఆఫీసుకు రానుపోను రోజూ దాదాపు మూడు గంటలు పడుతుంది.

జర్మనీ కుటుంబాల సమాచారాన్ని పరిశీలించి ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టట్జర్ 2008లో ప్రచురించిన పరిశోధన పత్రం ప్రకారం, ప్రయాణ సమయం పెరిగేకొద్దీ జీవితంపై సంతృప్తి తగ్గుతుంది. మంచి ఇల్లు, మంచి జీతం ఆ లోటును పూర్తిగా పూడ్చలేవు. లాటరీ గెలిచినవారు ఇతరులకంటే పెద్దగా సంతోషంగా లేరన్న 1978 నాటి అమెరికా అధ్యయనాన్ని చాలామంది ఉదహరిస్తారు గానీ, అందులో విజేతలు 22 మందే కాబట్టి దానిపై ఆధారపడలేను. డబ్బుకూ సంతోషానికీ సంబంధమే లేదనడమూ అపోహేనని, ఆదాయంతోపాటు ఎక్కువమందిలో సంతోషం పెరుగుతూనే ఉంటుందని మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ సహరచయితగా 2023లో వచ్చిన పత్రం చెబుతోంది.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మా అమ్మగారి విషయం. సాయంత్రం అరుగు మీద ఆమెతో కూర్చునే నలుగురు ఇరుగుపొరుగు అక్కడ ఉండరు.

ఇలా దూరంగా వెళ్లి స్థిరపడినవారు దయచేసి చెప్పండి: కొత్త ఇంటి ఆనందం మీకు ఎన్నాళ్లు నిలిచింది? ప్రయాణం అలవాటైందా? ఇంట్లోని పెద్దవారు అక్కడ కొత్త స్నేహాలు చేసుకోగలిగారా? ఈ నెలాఖరులోగా బయానా ఇవ్వాలి.