నాడీకణాల తీగలన్నీ పటం గీస్తే ప్రవర్తన అర్థమైనట్టేనా?

అన్వేషి:

పండ్ల ఈగ మెదడు పటం పూర్తయిందన్న వార్త 2024 అక్టోబరులో వెలువడినప్పటి నుంచి ఒక వాదన తరచుగా వినిపిస్తోంది. 1,39,255 న్యూరాన్లను (నాడీకణాలను), వాటి మధ్య సంకేతాలు దాటే సుమారు 5 కోట్ల సంధులను, అంటే సినాప్సులను గుర్తించగలిగాం కనుక, రేపు ఎలుకకూ ఆ తర్వాత మనిషికీ ఇలాంటి పటమే చేతికి వస్తే ప్రవర్తన దానంతటదే అర్థమవుతుందని ఆ వాదన చెబుతోంది. ఆ పటం వెనుక ఉన్న శ్రమ అసాధారణమైనది, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయినా ఈ ముగింపు తప్పని నమ్ముతున్నాను, ఎందుకు తప్పో ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

మన చేతిలో ఒక పాత ఉదాహరణ ఉంది. మిల్లీమీటరు పొడవుండే సి. ఎలెగాన్స్ అనే నులిపురుగుకు 302 న్యూరాన్లు మాత్రమే ఉంటాయి. జాన్ వైట్, సిడ్నీ బ్రెన్నర్, వారి సహచరులు దాని శరీరాన్ని అతి పలుచని పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలలో ఒక్కొక్క తీగనే వెంబడించి, 1986లో మొత్తం అల్లికను ప్రచురించారు. అందులో సుమారు 5,000 రసాయన సినాప్సులు, విద్యుత్తును నేరుగా దాటించే 600 గ్యాప్ జంక్షన్లు లెక్కకు వచ్చాయి. అది జరిగి దాదాపు నాలుగు దశాబ్దాలు గడిచినా, ఆ పురుగు మరుక్షణం ఎటు తిరుగుతుందో పటాన్ని మాత్రమే చూసి చెప్పగలిగేవారు లేరు. 302 న్యూరాన్ల విషయంలోనే తేలని లెక్క, సుమారు 8,600 కోట్ల న్యూరాన్లున్న మనిషి మెదడు విషయంలో ఎలా తేలుతుందో పటాన్ని సమర్థించేవారు చెప్పాలి.

సూక్ష్మదర్శిని:

అన్వేషి గారూ, మీరు ఎంచుకున్న ఉదాహరణే మీకు ఎదురు నిలుస్తుంది. మార్టిన్ చాల్ఫీ బృందం 1985లో ప్రచురించిన పనిని చూడండి. కనుబొమ వెంట్రుక ఒకటి పుల్లకు అతికించి దానితో పురుగును మెల్లగా తాకేవారు. ముందు భాగంలో తాకితే పురుగు వెనక్కి జరుగుతుంది, వెనుక తాకితే ముందుకు పోతుంది. స్పర్శను పట్టే కణాలు ఏ మధ్యస్థ కణాలను కలుస్తున్నాయో, అవి ఏ చలన కణాలను కదిలిస్తున్నాయో అప్పటికింకా పూర్తిగా ప్రచురితం కాని ఆ అల్లిక నుంచే తెలుసుకుని, అనుమానం ఉన్న కణాలను లేజర్‌తో ఒక్కొక్కటిగా చంపి, పురుగు వెనక్కి జరగడం మానుతుందా, ముందుకు పోవడం మానుతుందా అని పరీక్షించారు. పటం లేకపోయి ఉంటే ఏ కణం మీద లేజర్ పెట్టాలో ఎవరికి తెలిసేది?

ఈగ విషయానికి వస్తే, పటంతో పాటే 2024లో వచ్చిన ఒక నమూనా న్యూరాన్ల అనుసంధానాన్ని, ఒక్కొక్క న్యూరాన్ విడుదల చేసే రసాయనం ఏదన్న అంచనాను మాత్రమే ఆధారంగా తీసుకుంది. తీపిని పసిగట్టే కణాలను కంప్యూటర్‌లో ప్రేరేపించినప్పుడు, ఈగ ఆహారం కోసం తొండం చాపడానికి కారణమయ్యే చలన కణాలు స్పందించాయి. ఆ అంచనాలను బతికున్న ఈగలలో కాంతితో న్యూరాన్లను ప్రేరేపించి సరిచూశారు, వాటిలో చాలా వరకు నిలిచాయి. ప్రవర్తనను పటం నుంచి రాబట్టడం అంటే ఇది కాక మరేమిటి?

హేమలత:

మీ ఇద్దరి మాటలలోనూ న్యూరాన్ అంటే ఒక తీగ, సినాప్స్ అంటే ఒక ముడి అన్న భావన కనిపిస్తోంది. నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. రెండు కణాలు ఎలా మాట్లాడుకుంటాయో ఒకసారి దగ్గరగా చూద్దాం.

విశ్రాంతిగా ఉన్న న్యూరాన్ లోపలి వైపు, బయటితో పోలిస్తే, సుమారు 70 మిల్లీవోల్టుల మేర రుణావేశంతో ఉంటుంది. అందే సంకేతాల వల్ల ఈ తేడా ఒక హద్దు మేరకు తగ్గితే సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి, సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి, ఒక మిల్లీసెకను పాటు ఆవేశం తలకిందులవుతుంది, తర్వాత పొటాషియం బయటకు పోయి పాత స్థితి తిరిగి వస్తుంది. ఈ అల ఆక్సాన్ అనే పొడవాటి తీగ చివరిదాకా పాకాక కాల్షియం లోపలికి వస్తుంది, చిన్న సంచుల వంటి వెసికిళ్లు పొరతో కలిసిపోయి, తమలోని రసాయనాన్ని సుమారు 20 నానోమీటర్ల సందులోకి వదులుతాయి. అవతలి కణం ఆ రసాయనాన్ని తన గ్రాహకాలతో పట్టుకుంటుంది. విద్యుత్తు గురించిన మొదటి సగాన్ని హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ జీవి లావాటి ఆక్సాన్ మీద కొలిచి, 1952లో గణిత సమీకరణాలుగా రాశారు. రసాయనం గురించిన రెండో సగం మీద మాత్రం దశాబ్దాల పాటు తగవు నడిచింది.

ఆ తగవులో ఒట్టో లోవీ 1921లో ప్రచురించిన ప్రయోగాన్ని నేనెప్పుడు చదివినా మళ్లీ ఆశ్చర్యపోతాను. రెండు కప్ప గుండెలను ఉప్పునీటి ద్రావణంలో కొట్టుకోనిచ్చాడు. మొదటి గుండెకు అంటుకుని ఉన్న వేగస్ నాడిని ప్రేరేపిస్తే ఆ గుండె వేగం తగ్గింది. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రావణాన్ని తీసి, నాడి లేని రెండో గుండెకు పోస్తే, అది కూడా నెమ్మదించింది. రెండింటి మధ్య ఏ తీగా లేదు, ద్రావణంలో కరిగిన పదార్థం ఒక్కటే వార్తను మోసింది. తర్వాత దాన్ని ఎసిటైల్‌కోలీన్‌గా గుర్తించారు. సందులో నడిచేది విద్యుత్తేనని చివరిదాకా పట్టుబట్టిన జాన్ ఎక్లెస్, 1951లో తన ప్రయోగాల ఫలితాలే తన వాదాన్ని కొట్టిపారేయడంతో, బహిరంగంగా మనసు మార్చుకున్నాడు. విజ్ఞానంలో నేను గౌరవించేది ఆ నిజాయితీనే. అయితే నేరుగా విద్యుత్తును దాటించే గ్యాప్ జంక్షన్లు ఉన్నాయని కూడా 1959 నాటికి రొయ్య వంటి క్రేఫిష్‌లో తేలింది కనుక, ఎక్లెస్ తొలి అభిప్రాయంలోనూ కొంత నిజం మిగిలింది.

ఈ చర్చకు దీని సంబంధం ఇది: గుండెను నెమ్మదింపజేసే ఎసిటైల్‌కోలీనే అస్థి కండరాన్ని సంకోచింపజేస్తుంది, ఎందుకంటే రెండు చోట్లా గ్రాహకాలు వేరు. పటంలో రెండూ ఒకేలాంటి ముడులుగా కనిపిస్తాయి. పైగా డోపమైన్, సెరోటొనిన్ అనే రసాయనాలు, చిన్న ప్రోటీన్ ముక్కల వంటి పెప్టైడ్లు సినాప్స్ దాటి దూరంగా ఉన్న కణాల దాకా వ్యాపించి, వాటి స్వభావాన్నే మారుస్తాయి. పీతల పొట్ట కండరాలను నడిపే సుమారు 30 న్యూరాన్ల గుంపు మీద ఈవ్ మార్డర్ ప్రయోగశాల దశాబ్దాల తరబడి చూపించింది ఇదే. తీగలు అవే ఉంటాయి, కానీ చుట్టూ ఉన్న ద్రావణంలో ఏ పదార్థం చేరిందో దాన్నిబట్టి వేర్వేరు లయలు పుడతాయి. నులిపురుగు న్యూరాన్లను ఒక్కొక్కటిగా కాంతితో ప్రేరేపించి మిగతావాటి స్పందనను నమోదు చేసిన 2023 నాటి పని కూడా, సంకేతాల దారులు తీగల పటంతో చాలాచోట్ల సరిపోవడం లేదనీ, పెప్టైడ్లు అందులో గట్టి పాత్ర వహిస్తున్నాయనీ చెప్పింది.

సూక్ష్మదర్శిని:

హేమలత గారు చెప్పినదంతా ఒప్పుకుంటాను, అందులోంచి తీసిన ముగింపును మాత్రం ఒప్పుకోను. పెప్టైడును ఏ కణం తయారు చేస్తుందో, దాని గ్రాహకం ఏ కణం మీద ఉందో కూడా జన్యువుల ద్వారా గుర్తించి పటంలో చేర్చవచ్చు, నులిపురుగు విషయంలో ఆ పని ఇప్పటికే జరుగుతోంది. అసంపూర్ణమైన పటాన్ని పూర్తి చేయాలనడం ఒకటి, పటమే దారి కాదనడం మరొకటి. 2023 నాటి పనిలో కూడా ఫలితాలను పోల్చి చూడడానికి 1986 పటమే ఆధారం కాదా?

చదువరి:

నాకు ఈ రంగంలో శిక్షణ లేదు, ఒక సందేహం అడుగుతాను. మనుషుల మెదడును స్కాన్ చేసి ‘భయం ఇక్కడ ఉంది, నిర్ణయం అక్కడ పుడుతుంది’ అని రంగురంగుల చిత్రాలు చూపిస్తారు కదా. బతికున్న మనిషినే నేరుగా చూడగలుగుతున్నప్పుడు, పురుగులూ పీతలూ మనకెందుకు?

అన్వేషి:

చదువరి గారూ, ఆ చిత్రాలను ఇచ్చే ఎఫ్ఎంఆర్ఐ న్యూరాన్లను నేరుగా చూడదు. పని పెరిగిన చోటికి ప్రాణవాయువు మోసే రక్తం ఎక్కువగా చేరుతుంది, ఆ మార్పునే అది కొలుస్తుంది. ఒక్కొక్క వైపు 3 మిల్లీమీటర్లుండే ఒక్క గడిలో లక్షల న్యూరాన్లు ఉంటాయి. న్యూరాన్ సంకేతం మిల్లీసెకనులో ముగిసిపోతే, రక్తప్రవాహం పతాకస్థాయికి చేరడానికి ఐదు సెకన్ల దాకా పడుతుంది. దానికి తోడు వేల గడులను ఒకేసారి పరీక్షించినప్పుడు కాకతాళీయంగా కొన్ని వెలుగుతాయి. క్రెయిగ్ బెనెట్ బృందం 2009లో చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, గణాంక సవరణ చేయకపోతే దాని మెదడులో కూడా ‘స్పందన’ కనిపిస్తుందని నిరూపించింది. ఆ పద్ధతి వ్యర్థమని నేను అనను. అది ఎక్కడ అని చెప్పగలదు, ఎలా అని చెప్పలేదు.

నా అసలు వాదనకు బలమిచ్చేది 2017లో ఎరిక్ జోనాస్, కాన్రాడ్ కోర్డింగ్ చేసిన పరీక్ష. 3,510 ట్రాన్సిస్టర్లున్న 6502 అనే పాత కంప్యూటర్ చిప్‌ను తీసుకున్నారు. దాని అల్లిక పూర్తిగా తెలుసు, అది ఎలా పనిచేస్తుందో కూడా తెలుసు. మెదడు మీద వాడే పద్ధతులనే దాని మీద ప్రయోగించారు. ట్రాన్సిస్టర్లను ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతే, కొన్నింటిని తీసినప్పుడు ఒక వీడియో గేమ్ మాత్రమే ఆగిపోయి మిగతావి నడిచాయి. దాన్నిబట్టి అవి ‘ఆ గేమ్ ట్రాన్సిస్టర్లు’ అనేస్తే అర్థం లేని మాట అవుతుంది, ఎందుకంటే అవి చేసేది చిన్న లెక్క ఒకటే. పటం చేతిలో ఉన్నా, ఆ యంత్రం ఏ పని చేయడానికి ఉందో తెలియకపోతే, పటం నోరు విప్పదు. ప్రవర్తనను ముందుగా, జాగ్రత్తగా, దాని సహజ పరిస్థితులలో వర్ణించాలని నేను పట్టుబట్టడానికి కారణం అదే.

హెన్రీ మొలైసన్‌ను గుర్తు చేసుకోండి. మూర్ఛలు ఆపడానికి 1953లో అతని మెదడు రెండు వైపుల నుంచీ హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశాక, కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. బ్రెండా మిల్నర్ అతనికి అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడపమని మూడు రోజులు అభ్యాసం ఇచ్చింది. రోజురోజుకూ అతని చేతి నేర్పు మెరుగుపడింది. అంతకుముందు ఆ పని చేసిన జ్ఞాపకం మాత్రం అతనికి లేదు. జ్ఞాపకంలో కనీసం రెండు రకాలున్నాయన్న సంగతి ఒక పెన్సిల్, ఒక అద్దం, ఓపికగల పరిశీలకురాలి వల్ల బయటపడింది. అప్పటికి ఏ పటమూ లేదు.

సూక్ష్మదర్శిని:

చిప్ ఉదాహరణ నన్ను కొంత కదిలించింది, కానీ అందులో ట్రాన్సిస్టర్లన్నీ దాదాపు ఒకేలాంటివి, ఒకే గడియారానికి నడిచేవి. న్యూరాన్లు రకరకాలు, కొన్ని స్పర్శకు, కొన్ని తీపికి ప్రత్యేకించినవి, కనుక ఒక కణాన్ని తీసేస్తే వచ్చే మార్పు అర్థవంతం కావడానికి ఇక్కడ అవకాశం ఎక్కువ. చాల్ఫీ లేజర్ అందుకే ఫలించింది. మొలైసన్ విషయంలో మీరన్నది నిజమే, కాకపోతే హిప్పోక్యాంపస్‌లో జ్ఞాపకం ఎలా నిలుస్తుందో అద్దం చెప్పలేదు. ఆ ప్రశ్న చివరికి సినాప్సుల బలం మారడం దగ్గరికే రావాలి.

ఒక విషయంలో మాత్రం వెనక్కి తగ్గుతున్నాను. మార్డర్ బృందం 2004లో కంప్యూటర్ మీద 2 కోట్లకు పైగా మూడు కణాల వలయాలను నడిపి, ఎంతో భిన్నమైన సినాప్సు బలాలూ అయాను ద్వారాల మోతాదులూ కూడా ఒకే లయను ఇవ్వగలవని చూపించింది. అంటే ఒక జీవి మెదడులో కొలిచిన అంకెలు పక్క జీవికి సరిపోకపోవచ్చు. ఒకే ఈగ పటం నుంచి ఈగలన్నిటి ప్రవర్తనను రాబట్టవచ్చని నేను ఇంతకుముందు అనుకున్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

హేమలత:

అయితే మీ ఇద్దరినీ ఒక ప్రయోగం మీద నిలబెట్టవచ్చు. తొండం చాపే నమూనానే తీసుకుందాం. కడుపు నిండిన ఈగ, ఆకలిగొన్న ఈగ అదే తీపికి వేర్వేరుగా స్పందిస్తాయి, తీగలు మాత్రం రెండింటిలోనూ అవే. గ్రాహకాల సమాచారం చేర్చాక, ఆ తేడాను నమూనా ముందుగా చెప్పగలిగితే సూక్ష్మదర్శిని గారి పక్షం బలపడుతుంది. ప్రతి ఆకలి స్థితికీ విడిగా ఈగల ప్రవర్తనను కొలిచి అంకెలను అందించాల్సి వస్తే అన్వేషి గారిది. దీనికి మీరిద్దరూ సిద్ధమేనా?

అన్వేషి:

సిద్ధమే. ఒక షరతు పెడతాను: ఈగను కదలకుండా అతికించి కాకుండా, నడుస్తూ వెతుక్కుంటూ ఉండగా కొలవాలి.