ఉజ్జీవ సభల తర్వాత సంఘమంతా నిబంధన పత్రం మీద సంతకం చేయాలా?

మూడో బెంచీ
అందరికీ వందనాలు. మా ఊళ్లో మొన్న మూడు రోజులు ఉజ్జీవ సభలు (విశ్వాసాన్ని మళ్లీ రగిలించే ప్రత్యేక కూడికలు) జరిగాయి. పొలం గట్టు తగాదాతో ఆరేళ్లుగా పలకరించుకోని అన్నదమ్ములిద్దరు చివరి రాత్రి అందరి ముందూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. తమ్ముడు సైకిలు ఎక్కడ పెట్టాడో మరచిపోయి అన్న బండి మీద ఇంటికి వెళ్లాడు. నేను కళ్లారా చూశాను కాబట్టి దీన్ని ఉత్త ఆవేశం అనలేను.

ఇప్పుడు పాస్టరు గారు బైబిల్లో నెహెమ్యా 10వ అధ్యాయం (యెరూషలేము గోడ తిరిగి కట్టించిన నెహెమ్యా కాలంలో, ధర్మశాస్త్రం ప్రకారం నడుస్తామని ప్రజలు పత్రం రాసి ముద్ర వేసిన సంగతి) చదివి, మనమూ ఒక నిబంధన పత్రం రాసుకుందామన్నారు. ప్రతి కుటుంబ పెద్ద సంతకం చేయాలి, ఆ పేర్లతో ఫ్లెక్సీ చేయించి మందిరంలో కట్టాలి. అంశాలు నాలుగు: ఆదివారం ఆరాధన మానకపోవడం, మద్యం ముట్టకపోవడం, దశమ భాగం (ఆదాయంలో పదో వంతు) ఇవ్వడం, కుటుంబ ప్రార్థన. వచ్చే ఆదివారం కమిటీలో తేల్చాలి, నేనూ కమిటీలో ఉన్నాను. చేయాలంటారా, వద్దంటారా?

అవునంటే అవును
వద్దు. నా పేరులోనే కారణం ఉంది. ఒట్టు పెట్టుకోవద్దు, మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుండాలని ప్రభువు చెప్పాడు. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని బైబిల్లో ప్రసంగి గ్రంథం ముందే హెచ్చరించింది. పైగా మనది కొత్త నిబంధన, అది రాసేది హృదయం మీద. ఫ్లెక్సీ మీద కాదు.

ఇంకో మాట. నెహెమ్యా 10 చదివినవారు 13 కూడా చదవాలి. అంత గంభీరంగా ముద్ర వేసిన పత్రం ఏమైంది? నెహెమ్యా రాజు దగ్గరికి వెళ్లి తిరిగి వచ్చేసరికి ఒక్క మాట కూడా నిలబడలేదు. విశ్రాంతి దినాన ద్రాక్షగానుగలు తొక్కుతున్నారు, తూరు వర్తకులు యెరూషలేములో చేపలు అమ్ముతున్నారు. ఆ పత్రాన్ని మనం ఆదర్శంగా పెట్టుకోవడమా?

గుండ్లకమ్మ
అన్నా, ఆ పత్రం తప్పిందని మనకు ఎలా తెలిసింది? ఏమి ఒప్పుకున్నారో పదో అధ్యాయంలో రాసి ఉంది కాబట్టే పదమూడో అధ్యాయంలో నెహెమ్యా వేలెత్తి చూపగలిగాడు. మా దేవుని మందిరాన్ని విడిచిపెట్టము అన్నది ఆ పత్రంలో చివరి మాట. తిరిగి వచ్చాక అధికారులను ఆయన అడిగిన మొదటి ప్రశ్న, దేవుని మందిరం ఎందుకు విడిచిపెట్టబడింది అని. రాసుకోకపోతే ఆ ప్రశ్న అడగడానికి ఆధారమే ఉండేది కాదు.

మా ఒంగోలు సంగతి ఒకటి చెబుతాను. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మా ప్రాంతంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. దాని వెనుక ఉన్నది మాత్రం చాలామంది చెప్పరు. అది కరవు కాలం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరవు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాకే నీళ్లలోకి దిగారు. ఆరోజు బాప్తిస్మం ఇచ్చింది కూడా దొర కాదు. మన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు.

అసలు విషయం అంతకుముందే, మాదిగలలో తొలి విశ్వాసులలో ఒకడైన యెర్రగుంట్ల పేరయ్య కాలంలోనే మొదలైంది. అప్పట్లో సంఘంలో చేరే మాదిగ కుటుంబాలకు పెట్టిన నియమాలు మూడే మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ ఆదివారం పనికి రాను అంటే ఊరి ఆసామికి ఎదురు చెప్పినట్టు. జాతరలో డప్పు కొట్టను అంటే ఊరంతటికీ ఎదురు నిలబడినట్టు. బావి దగ్గర, పొలం దగ్గర, చావడి దగ్గర దానికి మూల్యం చెల్లించారు. సంతకం చేయడం రానివారు బతుకుతో చేసిన సంతకం అది. కాబట్టి పత్రం ఉండాలా వద్దా అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. ఆ పత్రం ఎవరికి ఎంత ఖర్చవుతుంది?

మెదక్ వైపు
మా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలలో కొత్త సంవత్సరం మొదట్లో నిబంధన ఆరాధన ఉంటుంది. జాన్ వెస్లీ 1755లో లండన్‌లో మొదలుపెట్టిన పద్ధతి, వెస్లియన్ మిషనరీల ద్వారా మా దాకా వచ్చింది. ఎవరి పేరూ రాయరు. అందరం నిలబడి ఒకే ప్రార్థన చదువుతాం, నేను ఇక నా వాడను కాను, నీ వాడను అన్న అర్థంలో. నిజం చెప్పాలంటే ఆ ఉదయం సగం మంది ధ్యాస కేకు మీదే ఉంటుంది. అయినా నాకు అందులో నచ్చేది ఒకటుంది. ఏటేటా చేస్తున్నామంటే, ఏటేటా తప్పుతున్నామని ముందే ఒప్పుకున్నట్టు. ఫ్లెక్సీ కడితే అది ఒక్క రాత్రి గొప్పను చాటుతుంది, రంగు వెలిసిపోయాక దించడానికి కూడా ఎవరికీ ధైర్యం ఉండదు.

కొత్తగా చేరినవాడు
నెహెమ్యా అయితే అన్యజాతి భార్యలను ఇళ్లనుంచి పంపించేశాడు కదా. మనం ఆ అధ్యాయాన్ని పట్టుకుని సంఘంలో క్రమశిక్షణ అంటే ఎక్కడికి పోతుంది?

గుండ్లకమ్మ
తమ్ముడూ, భార్యలను పంపివేయడం ఎజ్రా 10లో ఉంది. నెహెమ్యా 13లో ఆయన వారిని గద్దించాడు, కొందరిని కొట్టి వెంట్రుకలు కూడా పీకాడు, ఇకముందు అలాంటి సంబంధాలు కలుపుకోమని ప్రమాణం చేయించాడు. వెళ్లగొట్టినట్టు రాసి ఉన్నది ఒక్కడినే. అతడు ప్రధాన యాజకుడు ఎల్యాషీబు మనవడు, నెహెమ్యాను ఎదిరించిన సన్బల్లటుకు అల్లుడు. వెంట్రుకలు పీకడాన్ని నేను సమర్థించను. కానీ ఆయన చెయ్యి పెద్దింటి మీద కూడా పడిందని గమనించు.

స్త్రీల సమాజం అక్క
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. మూడు మాటలు.

ఒకటి, నెహెమ్యా 10లో పేర్లు లెక్కపెట్టాను. 84. అందరూ మగవారే. ఆ తర్వాత వచనంలో మాత్రం భార్యలు, కుమారులు, కుమార్తెలు, గ్రహింపు గలవారందరూ కలిసి ఒట్టు పెట్టుకున్నారని ఉంది. మూడో బెంచీ తమ్ముడూ, మీ పత్రంలో కుటుంబ పెద్ద సంతకం అన్నావు. మీ సంఘంలో భర్త లేకుండా ఇల్లు నడిపే ఆడవారు ఎందరున్నారు? వారు సంతకం చేయడానికి గీత గీశారా?

రెండు, ఆ 84 పేర్లలో ప్రధాన యాజకుడు ఎల్యాషీబు పేరు వెతకండి. కనబడదు. ఇంటిపేరు కింద కలిసిపోయి ఉండవచ్చని పండితులు కొందరంటారు, కావచ్చు. కానీ దశమ భాగాలు, ధూపద్రవ్యాలు దాచే పెద్ద గదిని ఖాళీ చేసి నెహెమ్యాను ఎదిరించిన టోబీయాకు ఇచ్చింది ఎల్యాషీబు అనే యాజకుడే, ఆయనే ఈయన అని చాలామంది అంటారు. గది నిండా టోబీయా సామాను, భాగాలు అందని లేవీయులు (మందిర సేవకులు) ఎవరి పొలాలకు వారు వెళ్లిపోయారు. నెహెమ్యా వచ్చి మొదట చేసిన పని ప్రసంగం కాదు, ఆ సామాను బయట పారవేయించడం. తర్వాత గది శుభ్రం చేయించి, గిడ్డంగుల మీద ఒక యాజకుణ్ణి, ఒక శాస్త్రిని, ఒక లేవీయుణ్ణి, వారికి తోడుగా ఇంకొకరిని పెట్టాడు. ఎందుకు వారినే అంటే, నమ్మకమైనవారని పేరుండడం వల్ల. కట్టెల అర్పణకు చీట్లు వేసి ఏ ఇంటివారు ఎప్పుడు తేవాలో పదో అధ్యాయంలోనే రాసుకున్నారు. మాకు ఇది కొత్త కాదు. మా సమాజంలో ప్రతి ఇంట్లో అన్నం వండేముందు గుప్పెడు బియ్యం డబ్బాలో తీసిపెడతాం, వారం వారం వంతు ప్రకారం ఒకరు ఇల్లిల్లూ తిరిగి పోగుచేస్తారు. ఉజ్జీవం ఉన్న సంవత్సరమూ బియ్యం వచ్చాయి, లేని సంవత్సరమూ వచ్చాయి. వంతు తప్పితే పక్కింటావిడ వచ్చి అడుగుతుంది మరి!

మూడు, మీ నాలుగు అంశాలలో కట్నం ఎందుకు లేదు? నెహెమ్యా కాలపు పత్రంలో మొదటి మాటే పిల్లల పెళ్లిళ్ల గురించి. రెండోది వ్యాపారం. మూడోది అప్పు, ఏడో ఏట బాకీలు వదిలేస్తామని. వారికి ఎక్కడ నొప్పో అక్కడే రాసుకున్నారు. మీ పత్రంలో మద్యం ఉంది, తాగని పెద్దలు హాయిగా సంతకం చేస్తారు.

అవునంటే అవును
అక్కా, ఈ మాటతో నేను ఇబ్బందిలో పడ్డాను. కట్నం తీసుకోనని సంఘం ఎదుట చెప్పడం ఒట్టు పెట్టుకోవడం అవుతుందా, లేక అవునంటే అవును అనడమే అవుతుందా? రెండోదే అనిపిస్తోంది. ఫ్లెక్సీ మాత్రం ఇప్పటికీ వద్దంటాను.

మూడో బెంచీ
అక్క రాసిన గది సంగతి చదివి నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. మా మందిరం పక్కన సండే స్కూలు గది ఉంది. సంఘ పెద్దలలో ఒకరికి సిమెంటు దుకాణం. రెండు వర్షాకాలాల కింద, నాలుగు రోజులకని బస్తాలు అందులో వేయించారు. ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలు వేపచెట్టు కింద కూర్చుంటున్నారు, వాన వస్తే పాఠం లేదు. గోడ మీద దావీదు, గొర్రెపిల్ల బొమ్మ ఉంటుంది, బస్తాల పైన దావీదు తల ఒక్కటే కనిపిస్తుంది. సభల చివరి రాత్రి ఆ పెద్ద కూడా ఏడ్చారు. నటన అనుకోను, మనస్ఫూర్తిగానే ఏడ్చారు. ఆ గది తాళం ఆయన జేబులోనే ఉంది.

మెదక్ వైపు
తాళం గురించి కమిటీలో అడుగుతారా?

మూడో బెంచీ
(ఆదివారం రాత్రి)
అడిగాను. జరిగింది చెబుతాను. ఫ్లెక్సీ వద్దని తేలింది, ఎక్కువ చర్చ లేకుండానే. పత్రం ఉంటుంది, కానీ పేర్లు సంఘ రిజిస్టరులో రాస్తారు, ఏటా జనవరి మొదటి ఆదివారం అందరి ముందు చదువుతారు. ఆడవారి సంతకాలు విడిగా తీసుకుంటారు. గుండ్లకమ్మ అన్న చెప్పిన మూడు నియమాల సంగతి చదివి వినిపించాను. మా తాతలు అలాంటివారే అని ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నారు.

సిమెంటు పెద్ద మొదట ముఖం ముడుచుకున్నారు. తర్వాత తాళం తీసి బల్ల మీద పెట్టారు. శనివారం ఉదయం ఆరు గంటలకు బస్తాలు మోయడానికి నలుగురం ఒప్పుకున్నాం, ఐదోవాడు ఆయన కొడుకు.

కట్నం అంశం మీద గంట సేపు మాట్లాడారు. వచ్చే నెలకు వాయిదా వేశారు. పదకొండు మందిలో ఏడుగురు వాయిదాకు చేయి ఎత్తారు.

స్త్రీల సమాజం అక్క
తాళం వచ్చినందుకు దేవునికి స్తోత్రం. ఆ ఏడుగురిలో పెళ్లీడు కొడుకులు ఉన్నవారు ఎందరు?

మూడో బెంచీ
నలుగురు అక్కా. వారిలో నేనొకణ్ణి.