స్పోర్ట్స్ కారుకు సమ్మర్ టైర్లా, ఆల్ సీజన్ టైర్లా? ఒక్క సెట్టే కొనగలను

ఎర్ర కూపే:
నాది వెనక చక్రాలతో నడిచే రెండు డోర్ల కూపే. కంపెనీ నుంచే సమ్మర్ టైర్లతో వచ్చింది. ట్రెడ్, అంటే రోడ్డుకు తగిలే గాడుల పొర, ఇప్పుడు 2 మిల్లీమీటర్లకు అరిగింది, మార్చక తప్పదు. మేముండే చోట ఎనిమిది నెలలు వెచ్చగానే ఉంటుంది. మిగతా నాలుగు నెలలు తెల్లవారుజామున చలి బాగా ఉంటుంది. మంచు కురిసేది ఏడాదికి ఒకటి రెండు రోజులే, ఆ రోజుల్లో నేను బండి తీయను. రెండో సెట్ దాచుకోవడానికి ఇంట్లో చోటు లేదు.

పోయిన చలికాలం ఒక రోజు పొద్దున్నే, ఇంటి నుంచి బయల్దేరిన రెండు నిమిషాలకే, రోజూ తిరిగే మలుపులో రోజూ వెళ్లే వేగంతోనే తిప్పాను. బండి వెనక భాగం పక్కకు జారింది. రోడ్డు పొడిగానే ఉంది. జారే బండిని తనంతట తానే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ ఉంది కాబట్టి ఏమీ కాలేదు. అప్పటి నుంచి చలిలో బండి తీయాలంటే టెన్షన్.

ఒక స్నేహితుడు ఆల్ సీజన్, అంటే ఏడాదంతా వాడే టైర్లు, వేయించుకోమంటున్నాడు. ఇంకో స్నేహితుడేమో, ఆల్ సీజన్ వేసేటట్లయితే స్పోర్ట్స్ కారు కొనడం ఎందుకని అడుగుతున్నాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వెనకచక్రం:
నేను రెండో స్నేహితుడి పక్షమే. కారణం మాత్రం వేరు. నాకు ముఖ్యం బ్రేకు.

లెక్క చూడండి. వెచ్చటి రోడ్డు మీద 100 కిలోమీటర్ల వేగం నుంచి సమ్మర్ టైర్ల బండి 40 మీటర్లలో ఆగిందనుకుందాం. వేరే టైర్లతో అదే బండికి 10 శాతం ఎక్కువ, అంటే 44 మీటర్లు పట్టిందనుకుందాం. నాలుగు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోట రెండో బండి ఇంకా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఉంటుంది. ఎదురుగా మనిషి ఉంటే ఆ 30 అంటే ఏమిటో ఆలోచించండి. ఈ తేడా మీకు ఏడాదిలో ఎనిమిది నెలలు ఉంటుంది.

ఇంకో అపోహ కూడా తీసేయాలి. ఆల్ సీజన్ అనగానే వానకు మంచిదని చాలామంది అనుకుంటారు. వెచ్చటి వానలో మంచి సమ్మర్ టైరే ముందు ఆగుతుంది. నీళ్లు బయటికి పంపడానికి దానికి వెడల్పాటి నిలువు గాడులు ఉంటాయి, రబ్బరులో కలిపే సిలికా పొడి వల్ల అది తడిరోడ్డును బాగా పట్టుకుంటుంది. ఆల్ సీజన్ ట్రెడ్ దిమ్మల నిండా సన్నటి కోతలు ఉంటాయి. వాటిని సైప్‌లు అంటారు. మంచును కరిచి పట్టుకోవడానికి అవి కావాలి. అయితే ఎండలో గట్టిగా మలుపు తిప్పినప్పుడు ఆ కోతల వల్లే దిమ్మలు అటూ ఇటూ ఒరుగుతాయి. స్టీరింగ్‌లో బద్ధకం తెలుస్తుంది. మీరు కారు కొన్నది ఆ స్టీరింగ్ కోసమే అయితే రోజూ బాధపడతారు.

తెల్లారుజాము:
వెనకచక్రం గారి లెక్క సరైనదే. అందుకే దాన్ని చలిలో కూడా వేయమంటున్నాను.

సమ్మర్ టైర్ రబ్బరు వేడికి తగ్గట్టు చేసింది. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కిందికి దిగాక అది బిగుసుకుపోవడం మొదలవుతుంది. రోడ్డు ఉపరితలం మనకు నున్నగా కనిపించినా దాని నిండా సన్నటి గరుకు ఉంటుంది. మెత్తటి రబ్బరు ఆ గరుకులోకి ఒదిగి పట్టుకుంటుంది. బిగుసుకున్న రబ్బరు పైపైనే జారుతుంది. ఎర్ర కూపే గారి బండి పొడి రోడ్డు మీద జారింది అందుకే. బయల్దేరిన రెండు నిమిషాలకు టైర్లు వేడెక్కవు. అరిగిన ట్రెడ్‌ను తప్పుపట్టేవాళ్లు ఉంటారు, కానీ పొడి రోడ్డు మీద ట్రెడ్ లోతు తక్కువైతే పట్టు పోదు. అక్కడ దెబ్బతీసింది చలే.

ఎండలో నాలుగు మీటర్లు ఎక్కువ పట్టే టైరు ఎప్పుడూ ఒకేలా ప్రవర్తిస్తుంది, మనకు అలవాటు పడుతుంది. చలిలో సమ్మర్ టైరు అలా కాదు. నిన్న మధ్యాహ్నం అదే మలుపులో అద్భుతంగా పట్టింది, ఈ పొద్దున వదిలేసింది. డ్రైవర్‌ను మోసం చేసే టైరు కన్నా కొంచెం తక్కువ పట్టున్న టైరే నాకు నయం. నేను మూడు చలికాలాలు సమ్మర్ టైర్ల మీద తిరిగి, తర్వాత మారినవాణ్ణి. ఊహించి చెప్పడం లేదు.

పైగా ఇవాళ్టి హై పర్ఫామెన్స్ ఆల్ సీజన్లు పాతకాలం వాటిలా లేవు. గంటకు 270, 300 కిలోమీటర్ల వేగానికి తగిన డబ్ల్యూ, వై రేటింగులతోనే వస్తున్నాయి. మన్నిక కూడా చూడండి. మిషలిన్ కంపెనీ సమ్మర్ టైరు పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద ట్రెడ్‌వేర్ అంకె, అంటే అరగకుండా ఎంత మన్నుతుందో చెప్పే అంకె, 300. అదే కంపెనీ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 మీద 540.

వెనకచక్రం:
ఆ అంకెను అంతగా నమ్మకండి. అమెరికా పద్ధతిలో ఒక ప్రామాణిక టైరుకు 100 అని పెట్టుకుని, రోడ్డు మీద సుమారు 11,600 కిలోమీటర్లు నడిపి, అరుగుదలను పోల్చి అంకె ఇస్తారు. ఇచ్చేది టైరు కంపెనీయే. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకు పనికొస్తుంది, ఇక్కడ మీరు చేసింది అదే కాబట్టి ఒప్పుకుంటాను. రెండు కంపెనీల మధ్య పోల్చితే మాత్రం తప్పుదారి పడతాం. దాని పక్కనే ఏఏ, ఏ అని ఉండే ట్రాక్షన్ అక్షరం కూడా తడిరోడ్డు మీద తిన్నగా బ్రేకు వేస్తే ఎంత పట్టిందో చెబుతుంది. మలుపు గురించి అది ఏమీ చెప్పదు.

ఇంకొకటి. ఆల్ సీజన్ అన్న పేరు చూసి చలికాలమంతా ధైర్యంగా తిరుగుతారు, నాకు అదే భయం. సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క గోడ మీద, ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అని ఉంటే అది కంపెనీ తనంతట తాను చెప్పుకున్న మాట, పరీక్ష పెట్టి ఇచ్చింది కాదు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచురేకు గుర్తు ఉంటేనే మంచు మీద పరీక్ష నెగ్గినట్టు. మీరు చెప్పిన పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 మీద ఆ గుర్తు లేదు. ఆ గుర్తున్న క్రాస్‌క్లైమేట్ 2 లాంటివి వేస్తే స్టీరింగ్ ఇంకా మెత్తబడుతుంది. ఆ గుర్తు కూడా మంచు మీద పట్టు గురించే. నున్నగా గడ్డకట్టిన నీటి మీద ఏ ఆల్ సీజనూ కాపాడదు.

తెల్లారుజాము:
మంచులో బండి తీయనని ఆయన ముందే రాశారు. ఆయనకు కావలసింది చల్లటి పొడి రోడ్డు, చల్లటి తడి రోడ్డు. దానికి కొండ గుర్తు లేకపోయినా రబ్బరు చలికి తట్టుకుంటే చాలు. గుర్తు గురించి మీరు చెప్పింది అందరూ చదవాల్సిందే, కానీ ఈ ప్రశ్నకు అది జవాబు కాదు.

మెల్లగా:
నాదో మాట. పట్టు ఎక్కువ ఉంటేనే స్పోర్ట్స్ కారు అన్న మాటతోనే నాకు పేచీ. 2012లో వచ్చిన టయోటా 86ను గుర్తు చేసుకోండి. దానికి కంపెనీ వేసింది మిషలిన్ ప్రైమసీ హెచ్‌పీ, మామూలు ప్రయాణాల టైరు, 215 వెడల్పు. తేలికైన బండి తక్కువ వేగంలోనే మలుపులో కదలాలి, డ్రైవర్‌కు ఆ కదలిక తెలియాలి అన్నది వాళ్ల ఉద్దేశం. ఆ కారును ఇష్టపడినవాళ్లు ఎంతమంది! నేను నా బండికి ఆల్ సీజన్ వేశాక మలుపుల్లో వేగం తగ్గింది. సంతోషం తగ్గలేదు.

వెనకచక్రం:
సంతోషం సరే. ఎదుటి బండి సడన్‌గా ఆగినప్పుడు ఆ 30 కిలోమీటర్లు మాత్రం అలాగే ఉంటాయి.

టైర్ పని:
టైర్లు మార్చడమే నా వృత్తి. మీరిద్దరూ టైరు గురించి చెబుతున్నారు, నేను వచ్చే బండ్ల గురించి చెబుతాను.

చలికాలంలో జారి రిమ్ము వంచుకుని వచ్చే స్పోర్ట్స్ కార్లలో ఎక్కువసార్లు నాకు కనిపించేది సమ్మర్ టైర్లే. ఎండాకాలంలో ఆల్ సీజన్ వేసి టైరు అంచుల దగ్గర ట్రెడ్ చింపుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ట్రాక్‌కు వెళ్లినవాళ్లు. ట్రాక్‌కు వెళ్లేటట్లయితే ఆల్ సీజన్ అడగనే అడగకండి, ఆ వేడికి దిమ్మలు ఊడిపోతాయి.

నీళ్లు గడ్డకట్టే తీవ్రమైన చలిలో సమ్మర్ టైరున్న బండిని కదపకపోవడమే మంచిది. గట్టిపడ్డ రబ్బరు వంగినప్పుడు ట్రెడ్ దిమ్మల మొదట్లో పగుళ్లు రావచ్చు. అలా వచ్చిన టైరుకు రిపేరు లేదు, తీసేయడమే. టైరును దాచేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉష్ణోగ్రత 6 డిగ్రీలు తగ్గితే టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) తగ్గుతుంది. మధ్యాహ్నం 25 డిగ్రీల్లో గాలి పట్టించుకుని పొద్దున 3 డిగ్రీల్లో బయల్దేరితే దాదాపు 4 పీఎస్‌ఐ తక్కువతో వెళ్తున్నట్టు. ఎర్ర కూపే గారూ, మీరు జారిన రోజు గాలి చూసుకున్నారా?

ఎర్ర కూపే:
చూడలేదండీ. ఆ నెలంతా చూడలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఇంకో సందేహం. వెనక చక్రాలే జారాయి కదా, వెనక రెండింటికీ ఆల్ సీజన్ వేసి ముందు రెండూ కొత్త సమ్మర్ వేస్తే?

టైర్ పని:
వద్దు. చలిలో ముందు టైర్లు బిగుసుకుంటాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది. దీనికి తిరగేసి, ముందు ఆల్ సీజన్, వెనక సమ్మర్ వేసినవాళ్లనూ చూశాను. అది ఇంకా ఘోరం, బండి గిర్రున తిరిగిపోతుంది. నాలుగూ ఒకే రకం, ఒకే మోడల్ వేయండి.

తెల్లారుజాము:
ఈ విషయంలో నాకూ వెనకచక్రం గారికీ తేడా లేదనుకుంటాను.

వెనకచక్రం:
లేదు. నాలుగూ ఒకటే. చోటు గనక దొరికితే రెండు సెట్లు పెట్టుకోవడమే నా అసలు సలహా. ఒక్క సెట్టే అయితే, మీరు బండి తీసే వేళలు చూసుకుని తేల్చుకోండి. చలికాలంలో కూడా మధ్యాహ్నాలే తీసేటట్లయితే సమ్మర్ మానకండి.

ఎర్ర కూపే:
ఆ మాట పట్టుకుని రాత్రి కూర్చున్నాను. ఖర్చుల లెక్క కోసం ప్రతి ప్రయాణమూ ఫోన్‌లో రాసుకునే అలవాటు ఉంది, బయల్దేరిన టైమ్, కారు చూపిన ఉష్ణోగ్రత రెండూ ఉన్నాయి. పోయిన చలికాలం నాలుగు నెలల్లో 71 సార్లు బండి తీశాను. అందులో 7 డిగ్రీల కింద బయల్దేరినవి 52. నేను వారాంతం మధ్యాహ్నాల్లో తిరిగే మనిషిననే ఇన్నాళ్లూ అనుకున్నాను. లెక్క చూస్తే ఎక్కువగా తిరిగేది పొద్దున్నే.

ఆల్ సీజన్ తీసుకుంటున్నాను, నాలుగూ ఒకే మోడల్. వెనకచక్రం గారూ, మీ 30 కిలోమీటర్ల లెక్క మర్చిపోను. ఎండాకాలంలో ముందు బండికి ఇంతకు ముందు కన్నా ఎక్కువ దూరం వదులుతాను.

టైర్ పని:
బిగించే ముందు సైడ్‌వాల్ మీద టైరు తయారీ వివరాలు చెప్పే డాట్ (DOT) కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఏళ్ల తరబడి గోడౌన్‌లో ఉన్న టైరు ట్రెడ్ నిండుగానే ఉంటుంది, రబ్బరు గట్టిపడి ఉంటుంది. పాతవి ఇస్తే తీసుకోకండి. గాలి మాత్రం పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోండి.