అప్‌డేట్: ఆర్‌సీసీబీ టెస్ట్ బోర్డు దగ్గరా, సాకెట్ దగ్గరా?

టెస్ట్ బటన్ నొక్కితే ఆర్‌సీసీబీ (కరెంట్ ఎర్త్‌కి లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతోంది, అంటే ట్రిప్ అవుతోంది కదా, సాకెట్ల దగ్గర కూడా విడిగా చూపించాలా అని ఇదివరకు అడిగాను. చూపించాల్సిందే. కావాలనే కొంచెం కరెంట్ ఎర్త్‌లోకి పంపి, ఆర్‌సీసీబీ ఎంతసేపట్లో పడుతుందో కొలిచే టెస్టర్ తెచ్చి ఎలక్ట్రీషియన్ అన్నీ చూశారు.

ముందు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ప్లగ్గులు తీయించారు. వాటి నుంచి ఎప్పుడూ కాస్త కరెంట్ లీకవుతుంటుంది, రీడింగ్ తేడా వస్తుంది. మాది 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ. బోర్డు దగ్గర అందులో సగం, 15 మిల్లీయాంప్స్‌కి పడలేదు, పడకూడదు కూడా. 30కి 300 మిల్లీసెకన్ల లోపే పడింది, 150కి 40 లోపే.

తర్వాత ఒక్కో సర్క్యూట్‌లో చివరి సాకెట్. వంటగది, బెడ్‌రూమ్ బాగానే ఉన్నాయి. గీజర్ సాకెట్‌లో మాత్రం ఎంత నొక్కినా ట్రిప్ కాలేదు. ప్లేట్ విప్పితే ఎర్త్ పచ్చ వైరు స్క్రూ నుంచి ఊడి పెట్టెలో వేలాడుతోంది! టెస్ట్ బటన్‌కి ఇది తెలిసే దారే లేదు. అది ఆర్‌సీసీబీ లోపలి రెసిస్టర్ గుండానే కరెంట్ పంపుతుంది, ఇంటి ఎర్త్‌తో దానికి సంబంధం లేదు. గీజర్ బాడీకి కరెంట్ వచ్చినా, ఎవరో తడిచేత్తో ముట్టుకునేదాకా ఆర్‌సీసీబీ కదిలేది కాదు. పిల్లలు స్నానం చేసే చోటు, తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది. వైరు బిగించాక వెంటనే ట్రిప్ అయింది.

ఇన్వర్టర్ లైన్ ఆర్‌సీసీబీకి ముందు నుంచే తీసినట్టు కూడా బయటపడింది. ఆ ఫ్యాన్లకీ లైట్లకీ ఇప్పటిదాకా రక్షణే లేదన్నమాట. ఆ పని వచ్చే వారం.

ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూడమని కొందరు చెబుతారు, దయచేసి చేయకండి. ఎర్త్ తెగి ఉంటే ఆ వైరంతా, దానికి తగిలిన బాడీలన్నీ షాక్ కొడతాయి.