గీత మీదే తోస్తున్నా స్క్రోల్ సా బ్లేడు కుడికి లాగేస్తోంది, పైగా తెగిపోతోంది

కొత్తరంపం
అందరికీ నమస్తే. స్క్రోల్ సా (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో వంపులు కోసే మెషీన్) కొని మూడు వారాలైంది. మా పాపకి ఏనుగు పజిల్ కోసిద్దామని మొదలుపెట్టా. 18 మి.మీ. మందం గట్టి చెక్క, మెషీన్‌తో పాటు వచ్చిన బ్లేడ్లు. గీత మీదే పెట్టి తోస్తున్నా, నాలుగంగుళాలు పోయేసరికి బ్లేడు గీత వదిలేసి కుడివైపు వెళ్లిపోతోంది. సరిచేద్దామని చెక్కని పక్కకి నొక్కితే టప్పున తెగుతోంది. రెండు సాయంత్రాల్లో ఆరు బ్లేడ్లు అయిపోయాయి. తొండం ఉండాల్సిన చోట ఇంకో చెవి వచ్చింది. లోపం మెషీన్‌లోనా, నా చేతిలోనా? వెనక్కి ఇచ్చేయడానికి ఇంకా నాలుగు రోజులే గడువుంది.

రంపప్పొట్టు
ఆగండి, వెనక్కి ఇవ్వకండి. కుడికి లాగడం మీ మెషీన్ ఒక్కదానికే వచ్చిన జబ్బు కాదు. ఈ బ్లేడ్లు తయారుచేసేటప్పుడు పళ్లకి ఒక పక్కన సన్నటి ఇనప పొర లేచి ఉండిపోతుంది. వేలితో నెమ్మదిగా తడిమితే ఒక పక్క నున్నగా, ఇంకో పక్క గరుకుగా తెలుస్తుంది. గరుకు పక్క ఎక్కువ కోస్తుంది, బ్లేడు అటే పోతుంది. మామూలుగా అది కుడి పక్కే.

ఒక పనికిరాని ముక్క మీద స్కేలుతో తిన్నటి గీత గీయండి. గీతని మెషీన్ బల్ల పక్క అంచుకి సమాంతరంగా ఉంచాలన్న పట్టుదల వదిలేసి, బ్లేడు గీత మీదే ఉండేలా చెక్కని మీ ఇష్టం వచ్చినట్టు తిప్పుకుంటూ కోయండి. ఓ పది అంగుళాలు పోయాక ఆపి చూడండి, చెక్క కాస్త వంకరగా నిలబడి ఉంటుంది. ఆ వంకరే ఆ బ్లేడుకి తిన్నన. బ్యాండ్ సా (పట్టీలాంటి బ్లేడు గుండ్రంగా తిరిగే రంపం) అలవాటున్నవాళ్లకి ఇది ఇంకా కష్టం, చేతులు ఎదురుగా నెట్టడానికే పోతాయి.

పెదవడ్రంగి
పైన చెప్పింది నిజమే గానీ, ఆరు తెగాయంటే నా అనుమానం టెన్షన్ మీద, అంటే బ్లేడు బిగింపు మీద. తమ్ముడూ, బ్లేడు బిగించాక వేలితో మీటి చూశావా? తంబురా తీగలా టింగుమనాలి. డబ్‌మని మొద్దుగా పలికితే వదులు. ఇంకో గుర్తు: మెషీన్ ఆపి ఉన్నప్పుడు బ్లేడు మధ్యలో వేలు పెట్టి పక్కకి నొక్కు. రెండు మూడు మిల్లీమీటర్లకి మించి కదిలిందంటే వదులే. వదులు బ్లేడు కోతలో విల్లులా వంగుతుంది. నువ్వేమో దాన్ని మళ్లీ పక్కకి నొక్కుతున్నావు. తెగక ఏంచేస్తుంది?

సన్నకోత
పెదవడ్రంగి గారూ, అతిగా బిగించినా తెగుతుంది కదండీ. మొదటి నెలంతా నా బాధ అదే. వదులుగా ఉందేమోనని బిగించడం, పైన క్లాంపు (బ్లేడు చివరని పట్టి ఉంచే బిగింపు) దగ్గరే పుటుక్కుమనడం. ఎక్కడ తెగిందో చూస్తే నాకు కారణం దాదాపు తెలిసిపోతోంది. క్లాంపు అంచు దగ్గరైతే బిగింపు ఎక్కువ, లేదా బ్లేడు క్లాంపులో వంకరగా కూర్చుంది. చెక్క లోపల మధ్యలోనైతే మొండిబారిన బ్లేడుని బలవంతంగా తోశాం, లేదా పక్కకి నొక్కాం.

తెగకుండా ఊరికే జారి ఊడొస్తోందంటే అది వేరే సంగతి. కొత్త బ్లేడ్లకి నూనె పూత ఉంటుంది. రెండు చివర్లూ సన్న ఉప్పుకాగితంతో ఒక్కసారి రుద్ది బిగిస్తే క్లాంపు పట్టు వదలదు.

కొత్తరంపం
చూశానండీ. తెగినవన్నీ మధ్యలోనే తెగాయి. టింగ్ కాదు కదా, అసలు శబ్దమే లేదు. ప్యాకెట్ మీద 2 అని ఉంది, అంటే ఏమిటి? ఇంకో ప్యాకెట్‌లో బ్లేడ్లకి రెండు చివర్లా అడ్డంగా చిన్న పుల్లలాంటిది ఉంది, అవి ఇంకా వాడలేదు.

మూలమట్టం
18 మి.మీ. గట్టి చెక్కకి 2 నంబరా! సూదితో గునపం పని చేయిస్తున్నారు.

నంబరు పెరిగేకొద్దీ బ్లేడు వెడల్పు, మందం పెరుగుతాయి, పళ్లు పెద్దవవుతాయి. 2/0 లాంటివి 2 కంటే చాలా సన్నం, వెంట్రుకల్లా ఉంటాయి, వెనీర్ అనే పల్చటి చెక్క పొరకి పనికొస్తాయి. 3 మి.మీ. ప్లైవుడ్‌లో జాలీ (లోపల ఖాళీలు కోసే అల్లిక డిజైన్) పనికి నేను 1 గానీ 2 గానీ వాడతా. మీ 18 మి.మీ.కి 5తో మొదలుపెట్టండి, చెక్క మరీ మొండిదైతే 7. ఒకే ఒక్క రకం కొనమంటే కళ్లు మూసుకుని 5 అంటాను.

అడ్డపుల్ల ఉన్నవి పిన్ బ్లేడ్లు. తగిలించడం తేలిక, కానీ లోపలి కోతకి ఆ పిన్ దూరేంత బెజ్జం కావాలి, పావు అంగుళానికి అటూ ఇటూ. సన్నటి జాలీలో అంత బెజ్జం పెడితే ఇక డిజైన్ ఎక్కడుంటుంది? పిన్ లేనివాటికి మిల్లీమీటరున్నర బెజ్జం చాలు. మీ మెషీన్ రెండూ పడుతుందంటే పిన్ లేనివాటికే అలవాటు పడండి.

కొనేటప్పుడు రివర్స్ టూత్ అని అడగండి. కింది చివర కొన్ని పళ్లు పైకి తిరిగి ఉంటాయి, చెక్క అడుగున పెచ్చులు లేవవు. అయితే బ్లేడు పైకి లేచినప్పుడు ఆ తిరగబడ్డ పళ్లు రెండు మూడైనా బల్ల మీదికి రావాలి. బల్ల కిందే ఉండిపోతే వాటి వల్ల లాభం సున్నా.

చెక్కపురుగు
తలకిందులుగా బిగించలేదు కదా? నవ్వకండి, నేను రెండు రోజులు అలాగే కోశా. చెక్క ఎగిరెగిరి పడుతుంటే మెషీన్‌కి దయ్యం పట్టిందనుకున్నా. వేలితో కింది నుంచి పైకి మెల్లగా రాస్తే పళ్లు పట్టుకోవాలి, పై నుంచి కిందికి రాస్తే జారిపోవాలి.

పెదవడ్రంగి
ఇంకో మాట. బ్లేడు తెగినప్పుడు పై ముక్క క్లాంపులోనే ఉండి, మెషీన్ ఆపేదాకా వడ్రంగిపిట్టలా పొడుస్తూనే ఉంటుంది. చెక్క మీద వేళ్లు సరిగ్గా అక్కడే ఉంటాయి. నా ఎడమ చూపుడువేలి గోరు మీద మూడు చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి. అప్పట్నించీ కాలితో నొక్కే పెడల్ స్విచ్ పెట్టుకున్నా. కాలు తీస్తే ఆగిపోతుంది. ఈ మెషీన్‌కి డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువు అదే అంటాను, మిగతావి తర్వాత.

సన్నకోత
నా ఓటు కళ్లద్దాలకీ, మాస్కుకీ కూడా. గాలి గొట్టం గీత మీది పొట్టుని ఊదేస్తుంది, బాగానే ఉంది, కానీ ఎక్కడికి ఊదుతుంది? మన మొహం మీదికే. ఎమ్‌డీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసిన పలక) కోసినప్పుడైతే మాస్కు తప్పనిసరి.

రంపప్పొట్టు
డిజైన్ కాగితం ఎలా అంటిస్తున్నారు? గమ్ పూసి నేరుగా చెక్క మీదే అయితే తీయడానికి ఏడవాలి. ముందు చెక్క మీద మాస్కింగ్ టేపు, దాని మీద స్ప్రే గమ్‌తో కాగితం. పని అయ్యాక అన్నీ కలిపి ఒక్క లాగు. కాగితం మీద ఇంకో పొర పారదర్శకమైన ప్యాకింగ్ టేపు వేస్తే గట్టి చెక్క కాలి నల్లబడటం తగ్గుతుంది.

మూలమట్టం
టేపుతో కాలడం తగ్గుతుందంటే నేను ఒప్పుకోను. మొండిబారిన బ్లేడు మార్చరు, వేగం తగ్గించరు, టేపు వేస్తారు. చెక్క నల్లబడుతోందంటే బ్లేడు మార్చమని అర్థం.

రంపప్పొట్టు
ఒకే చెక్క, ఒకే ప్యాకెట్‌లోని రెండు బ్లేడ్లు, సగం టేపు వేసి సగం వేయకుండా కోసి చూశాను బాబూ. టేపు లేని సగమే మాడింది. మీరూ ఓసారి చూడండి, తర్వాత తిడుదురు గాని.

మూలమట్టం
అక్రిలిక్‌కి మాత్రం టేపు లేకపోతే కుదరదు, అక్కడ ఒప్పుకుంటా. వేడికి ప్లాస్టిక్ కరిగి, బ్లేడు వెనకాలే కోత మళ్లీ అతుక్కుపోతుంది. మొత్తం కోశాక ముక్క ఊడి రాకపోతే నేను బిత్తరపోయా.

ఇంటిపని
మెషీన్ లేనివాళ్లం కూడా ఉన్నామండీ ఇక్కడ. నేను చేతి ఫ్రెట్ సాతోనే కోస్తా. బల్ల అంచుకి ఒక పలక బిగించి దానికి వి ఆకారంలో గాటు పెట్టుకున్నా, చెక్క దాని మీద, పిడి కిందికి. పళ్లు పిడి వైపు ఉండాలి, కిందికి లాగినప్పుడే కోత. చేతి పనిలో గీత తప్పితే వెంటనే తెలుస్తుంది, మీలాగా నాలుగంగుళాలు పోయాక కాదు 🙂

కొత్తరంపం
5 నంబరు తెచ్చా. టింగుమనేదాకా బిగించా. పనికిరాని ముక్క మీద గీత గీసి కోశా. నిజమే! చెక్క వంకరగా తిరిగి నిలబడింది, బ్లేడు మాత్రం గీత మీదే ఉంది. ఒక్క బ్లేడూ తెగలేదు. వెనక్కి ఇచ్చే ఆలోచన మానేశా.

ఏనుగు మొత్తం కోశాను. కానీ విచిత్రం, పజిల్ ముక్కలు పైకి లాగితే వస్తున్నాయి, కిందికి తోస్తే ఇరుక్కుంటున్నాయి. రెండు పక్కలా జారాలి కదా?

మూలమట్టం
బల్ల వాలి ఉంది. కోత నిట్టనిలువుగా లేదు, అందుకే ముక్క ఒక వైపుకే వస్తోంది. మెషీన్ మీది డిగ్రీల గుర్తుని నమ్మకండి, నా దాంట్లో సున్నా అన్న చోట సున్నా లేదు. చిన్న మూలమట్టం (లంబకోణం చూసే పనిముట్టు) బ్లేడు పక్కన పెట్టి చూడండి. అది లేదంటే ఒక మందపాటి ముక్క అంచున కొద్దిగా గాటు కోసి, మెషీన్ ఆపి, ఆ ముక్కని బల్ల మీదే తిప్పి బ్లేడు వెనకవైపుకి తెచ్చి, అదే గాటులోకి బ్లేడుని పోనివ్వండి. సాఫీగా దూరితే బల్ల సరిగ్గా ఉన్నట్టు. వాలి ఉంటే తప్పు రెండింతలై కనిపిస్తుంది, మందం 18 మి.మీ. కాబట్టి ఇంకా బాగా తెలుస్తుంది.

కొత్తరంపం
దూరలేదు. ఎడమకి వాలి ఉంది. మూడు వారాలుగా వాలు బల్ల మీదే కోస్తున్నానన్నమాట.

సన్నకోత
పల్చటి ప్లైవుడ్ పనికి వస్తే ఒక చిట్కా. బ్లేడు పైకీ కిందికీ కదిలేది ముప్పావు అంగుళమే. 3 మి.మీ. చెక్క కోస్తుంటే అయిదంగుళాల బ్లేడులో అంగుళంలోపు పళ్లే అరుగుతాయి, మిగతావి కొత్తవే. అవి అరిగాక బల్ల మీద ఒక పలక వేసి, మధ్యలో బెజ్జం పెట్టి, చెక్కని దాని మీద పెట్టి కోయండి. పై పళ్లు పనిలోకి వస్తాయి. రివర్స్ పళ్లు మాత్రం అప్పుడు అందవు. లేదంటే అవే షీట్లు నాలుగు రెండువైపులా అతుక్కునే టేపుతో కలిపి ఒకేసారి కోసేయండి, నాలుగు ఏనుగులు.

చెక్కపురుగు
జాలీ కోసేటప్పుడు లోపలివి ముందు, చిన్నవి ముందు, బయటి అంచు ఆఖరున. నేను తిరగేసి చేసి, చివర్లో పట్టుకోవడానికి చెక్కే మిగల్లేదు. వేళ్లు మాత్రం మిగిలాయి, సంతోషం.

కొత్తరంపం
బల్ల సరిచేశాక రెండో ఏనుగు. ముక్కలు రెండు వైపులా జారుతున్నాయి! ఒక్కటే మిగిలింది. దంతం కొస దగ్గర గుండ్రంగా వస్తోంది, వాడిగా రావడం లేదు.

పెదవడ్రంగి
కొస దాకా వెళ్లి ఆగు. అర అంగుళం వెనక్కి రా, పక్క వ్యర్థం వైపు చిన్న చుట్టు కోసి, రెండో గీత మీదుగా మళ్లీ కొసకి చేరు. చేయి తిరిగాక ఆ చుట్టు కూడా అక్కర్లేదు. కొస దగ్గర ముందుకి తోయడం ఆపేసి, చెక్కని బ్లేడు వీపుకి ఆనించి, ఉన్నచోటే గిర్రున తిప్పేయడమే. బ్లేడు వీపుకి పళ్లు లేవు, కోయదు. మొదట్లో భయమేస్తుంది. రెండో ఏనుగుని పాపకి ఇచ్చేసి, మొదటి దాని మీద నేర్చుకో, దానికెలాగూ ఒక చెవి ఎక్కువే ఉంది.

కొత్తరంపం
పాపకి ఆ మూడు చెవుల ఏనుగే కావాలట. రెండోది ముట్టుకోవడం లేదు.