వర్క్‌షాప్‌లో వేసిన బొమ్మ ఎగ్జిబిషన్‌లో పెట్టొచ్చా?

నీటిచుక్క:

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్లు, ఉండేది కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో. ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్లిపోయాక అలమరలో దాని స్కూలు రంగుల పెట్టె మిగిలిపోయింది. పారేయబుద్ధి కాక దాంతోనే మొదలుపెట్టాను. ఇప్పటికి నాలుగేళ్లు. రోజూ వేయను. ఆదివారం మాత్రం వంట తొందరగా ముగించేసి కూర్చుంటాను.

మార్చిలో రెండు రోజుల వాటర్‌కలర్ వర్క్‌షాప్‌కి వెళ్లాను. బయటి రాష్ట్రం నుంచి ఒక పేరున్న ఆర్టిస్టు వచ్చారు. ఫీజు 4,500, కాగితం మనమే తెచ్చుకోవాలి. మొదటి రోజు వానలో చార్మినార్. ఆయన ఒక వాష్ (నీళ్లు ఎక్కువ కలిపిన పలుచటి రంగు పూత) వేసి ఆగుతారు, మేం ఇరవై ఎనిమిది మందిమీ అదే వాష్ వేసుకోవాలి. తర్వాత మినార్లు, తర్వాత జనం, గొడుగులు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి నా బ్రష్షే తీసుకుని నాలుగు చోట్ల ముట్టించారు. తడి రోడ్డు మీద ఆటో లైటు, బాల్కనీ కింద చీకటి, ఇంకో రెండు. అంతే, బొమ్మ లేచి కూర్చుంది! మా ఆయన దాన్ని వాట్సాప్ డీపీగా పెట్టుకున్నారు. నేను వేసిన బొమ్మ ఆయన డీపీ కావడం ఇదే మొదటిసారి.

ఇప్పుడు ఆ వర్క్‌షాప్ పెట్టిన గ్రూపువాళ్లే మాదాపూర్ వైపు ఒక గ్యాలరీలో గ్రూప్ షో పెడుతున్నారు. మనిషికి రెండు బొమ్మలు, 3,000 కట్టాలి, ఫ్రేము ఖర్చు వేరే. ఆరు ఫొటోలు పంపితే చార్మినార్ ఒక్కటే ఎంచుకున్నారు. "ఇలాంటిదే ఇంకోటి ఉంటే పంపండి మేడమ్" అన్నారు. నేను సొంతంగా వేసినవి ఐదూ పోయాయి. వాటిలో మా వీధికి వచ్చే నీళ్ల ట్యాంకర్ బొమ్మ ఉంది. మే నెలలో బాల్కనీలోంచి చూస్తూ వేశాను. చుట్టూ నీలం డ్రమ్ములు, బిందెలు, పైపు పట్టుకుని అరుస్తున్న వాచ్‌మన్. కాస్త మురికిగా వచ్చిందన్నది నిజమే, కానీ నాకు అదే ఇష్టం.

పోయినేడు ఇలాంటి షో ఒకటి చూడ్డానికి వెళ్లాను. నాలుగు ఫ్రేముల్లో ఒకటే పడవ, ఒకటే సాయంత్రం. ఆకాశంలో పక్షులు కూడా లెక్క తప్పలేదు. కింద మాత్రం నాలుగు వేరు వేరు సంతకాలు. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నేనే ఐదో పడవ అవుతానేమోనని టెన్షన్.

చార్మినార్ పెట్టొచ్చా? నా సంతకం చేయొచ్చా? ధర రాయమంటున్నారు, ఎంతని రాయాలి?

పాత డ్రాఫ్ట్స్‌మన్:

అమ్మా, నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మాది రాజమండ్రి, ఇప్పుడు మల్కాజిగిరిలో ఉంటున్నాను. నీటిరంగులతో ముప్పై ఏళ్లుగా కుస్తీ పడుతున్నాను. గెలుపు దానిదే.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: పెట్టొద్దు. ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. అమెరికన్ వాటర్‌కలర్ సొసైటీ అని 1866 నాటి సంఘం ఉంది. అలాంటి పెద్ద సంఘాల ప్రదర్శనలకు పంపేటప్పుడు క్లాసులో, వర్క్‌షాప్‌లో వేసినవి పంపొద్దని నిబంధనల్లోనే ఉంటుంది. మన దగ్గర అంత పట్టింపు లేదు, ఫీజు కడితే గోడ ఇస్తారు. కాబట్టి ఆ పట్టింపు మనకే ఉండాలి.

నా సంగతి చెబుతాను. 2004లో మొదటిసారి ఒక గ్రూప్ షోలో పెట్టాను. ఒక పాత ఇంగ్లీషు పుస్తకంలో చూసి వేసిన రాతి వంతెన, కింద నది, పొగమంచు. చాలా బాగా కుదిరింది. పంచె కట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి చాలాసేపు చూసి, "ఏ ఊరి నదండీ ఇది?" అని అడిగారు. నాకు తెలీదు! ముప్పై ఏళ్లు కాలవలూ తూములూ గీసినవాణ్ణి, నా బొమ్మలో నది ఎటు పారుతుందో చెప్పలేకపోయాను. ఆయన మర్యాదగా తలాడించి పక్క బొమ్మకి వెళ్లిపోయారు. ఆ మర్యాదే నన్ను చంపింది.

తర్వాత రెండు చలికాలాలు పురానాపూల్ దగ్గర కూర్చున్నాను. 1578 నాటి వంతెన అది, చార్మినార్ కంటే పదమూడేళ్లు పెద్దది. పొద్దున ఏడింటికి కమానుల నీడ ఎటు పడుతుందో, మూసీ వాసన ఎన్ని గంటలకు భరించలేనంత అవుతుందో కూడా చెప్పగలను. ఆ బొమ్మలు పుస్తకం చూసి వేసిన వంతెనంత నున్నగా రాలేదు. కానీ ఎవరేం అడిగినా నోరు పెగులుతుంది.

మా ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు గుర్తొస్తాడు ఇలాంటప్పుడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన్ని చేరదీశాడు, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలు దాకా వెళ్లి చదువుకున్నాడు. అంత నేర్చుకుని వేసిందేమిటంటే మన ఆడవాళ్లు, మన గోదావరి. 1925లో 28 నిండకుండానే మశూచితో పోయాడు. రాజమండ్రిలో ఆయన పేరు మీద గ్యాలరీ ఉంది. ఎప్పుడైనా అటు వెళ్తే పుష్కరాల రేవుతో సరిపెట్టుకోకుండా ఒక గంట అక్కడ గడపండి.

సరే, మీ ట్యాంకర్ దగ్గరికి వద్దాం. మురికి ఎందుకొచ్చిందో చూడకుండానే చెప్పగలను, మే నెల కాబట్టి. మన ఎండలకు వాష్ ఈ చివర నుంచి ఆ చివరకు చేరేలోపు మొదటి చివర ఆరిపోతుంది. కంగారులో సగం ఆరినచోట మళ్లీ తడి బ్రష్ పెడతాం. అక్కడ గోబీపువ్వులాగా అంచులు విచ్చుకుంటాయి, దాన్ని సరిచేయబోయి ఇంకా రుద్దుతాం. దీనికి మందు, కాగితాన్ని రెండువైపులా బాగా తడిపి అక్రిలిక్ షీటు మీద అంటించి వేయడం. పదిహేను, ఇరవై నిమిషాలు తడి నిలుస్తుంది. కాగితం 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాములు, అంటే మందపాటిది), నూరు శాతం కాటన్‌ది అయితేనే ఈ పని. స్కూలు డ్రాయింగ్ కాగితం మీద ఎంత పెద్ద ఆర్టిస్టు వేసినా అంతే.

ట్యాంకర్ నీడకు నలుపు వాడారా? వాడితే మానేయండి. అల్ట్రామెరీన్ అనే నీలం, బర్న్‌ట్ సియెనా అనే ఎర్రమట్టి రంగు, ఈ రెండూ కలిపితే మీకు కావలసిన బూడిదరంగులన్నీ వస్తాయి. నీలం ఎక్కువైతే చల్లగా, సియెనా ఎక్కువైతే తుప్పు పట్టినట్టు. ట్యాంకర్‌కి తుప్పే అందం. మా బోరు నీళ్లతో కలిపితే అల్ట్రామెరీన్ ఇంకాస్త రవ్వరవ్వగా దిగుతుంది, నాకదే నచ్చుతుంది. పైపులోంచి పడే నీళ్లధార మాత్రం ముందే అనుకుని తెల్ల కాగితంగా వదిలేయండి. తర్వాత తెల్లరంగు పూస్తే సున్నం కొట్టినట్టుంటుంది.

రఫ్‌షీట్:

డ్రాఫ్ట్స్‌మన్ గారితో సగమే ఒప్పుకుంటాను. నేను మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి ఇప్పుడు పిల్లలకు, పెద్దలకు క్లాసులు చెబుతున్నాను. డెమో చూసి వేయడం తప్పు కాదక్కా. సంగీతంలో గురువుగారి వెనక పాడినట్టే ఇదీ. తప్పెక్కడంటే, వాళ్లు మీ కాగితం మీద బ్రష్ పెట్టడం. నేను పక్కన తుక్కు కాగితం మీద వేసి చూపిస్తాను, స్టూడెంట్ బొమ్మ ముట్టుకోను. వాడి బొమ్మ చెడిపోతే చెడిపోనీ, అది వాడి చెడిపోవడం.

చార్మినార్ పెట్టాలనే ఉంటే పెట్టండి, కానీ పక్క చీటీలో "ఫలానావారి వర్క్‌షాప్‌లో వేసినది, అమ్మకానికి కాదు" అని రాయండి. అమ్మకానికి మాత్రం వద్దు. ఇంకో మాట, ఈసారి వర్క్‌షాప్‌కి డబ్బు కట్టేముందు ఒకటే అడగండి: రెండో రోజు మా సొంత ఫొటో తెచ్చుకుని వేయొచ్చా? ఒప్పుకునేవాళ్ల దగ్గరికే వెళ్లండి.

ఖర్చు లేకుండా నేర్చుకోవాలంటే బయట కూర్చుని వేసే గ్రూపులు చూడండి. అర్బన్ స్కెచర్స్ అని 2007లో సియాటిల్‌లో ఒక జర్నలిస్టు మొదలుపెట్టిన బృందం, ఇప్పుడు చాలా నగరాల్లో ఉంది. వాళ్ల నియమాల్లో మొదటిదే, ఎదురుగా ఉన్నదాన్ని అక్కడే కూర్చుని గీయాలని. మొజంజాహి మార్కెట్ దగ్గర ఆదివారం పొద్దున కూర్చుని చూడండి. ఆ గ్రానైట్ రంగు మీద ఎవరి డెమో పనిచేయదు, వెలుగు గంటకోలా మారుతుంది.

మౌంట్‌బోర్డు:

నేను ఆర్టిస్టుని కాను, ఫ్రేములు కడతాను. గ్రూప్ షోకి ముందు రోజు రాత్రి పరుగెత్తుకొచ్చేవాళ్లని చాలామందిని చూశాను. దయచేసి వారం ముందు రండి. నీటిరంగు బొమ్మ గాజుకి తగలకూడదు, మధ్యలో మౌంట్, అంటే బొమ్మ చుట్టూ పెట్టే అట్ట అంచు, ఉండాలి. తగిలితే వానాకాలంలో చెమ్మ పట్టి మచ్చలొస్తాయి. మౌంట్ యాసిడ్ లేనిది అడగండి. మామూలు అట్ట పెడితే కొన్నేళ్లకు అంచులు పసుపెక్కుతాయి. వెనక సెల్లోటేపు అంటించొద్దు, అది చేసే పాడు ఇంకేదీ చేయదు. సగం షీటు, అంటే 15 బై 22 అంగుళాల బొమ్మయితే గాజు బరువు, ఆటోలో తీసుకెళ్లాలంటే అక్రిలిక్ నయం. గీతలు పడకుండా చూసుకోవాలి, అంతే.

ధర సంగతి: ఫ్రేము ఖర్చు, గ్యాలరీ కమీషన్ తీసేశాక చేతికి ఏమైనా మిగులుతుందా అని అకౌంట్స్ చూసే మీకు నేను చెప్పాలా మేడమ్?

నీటిచుక్క:

అందరికీ థాంక్స్. ఆర్గనైజర్లకి ఫోన్ చేశాను. చార్మినార్ బదులు ట్యాంకర్ పెడతానంటే "కొంచెం డల్‌గా ఉంది మేడమ్, కానీ మీ ఇష్టం" అన్నారు. నా ఇష్టమే అన్నాను. అన్నాక ఫోన్ పెట్టేసి చాలాసేపు గుండె దడ.

మల్కాజిగిరి బాబాయిగారూ, నలుపే వాడాను. ఎలా కనిపెట్టారండీ?

నిన్న పొద్దున మళ్లీ వేశాను. కాటన్ కాగితం కొన్నాను. ఒక్క షీటు ధర చూసి మా ఆయన నోట మాట రాలేదు. ఆరున్నరకి ట్యాంకర్ వచ్చింది. కాగితం రెండువైపులా తడిపి సిద్ధంగా ఉన్నాను. నీళ్లధార తెల్లగా వదిలేశాను, ఆ ఒక్కటీ కుదిరింది. డ్రమ్ములు ఒకదాంట్లోకి ఒకటి కారిపోయాయి. వాచ్‌మన్‌కి ముఖం రాలేదు. సగంలో ఉండగా అతనే పైకి చూసి, "మేడమ్, మీ డ్రమ్ము కిందకి పంపలేదేంటి, ట్యాంకర్ వెళ్లిపోతోంది" అని అరిచాడు. బ్రష్ వదిలేసి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆకాశం ఆరిపోయింది.

షోకి ఇంకా మూడు వారాలుంది. మా వీధికి ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తుంది.