టియెరా డెల్ ఫ్యూగో పార్కులో గైడ్ తీసుకోవాలా, మనమే తిరగొచ్చా?

మిర్యాలగూడ మిల్లు:
అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు నడుపుతున్నాం. అమ్మాయి, అల్లుడు అర్జెంటీనాలో, బ్యూనస్ ఎయిరీస్‌లో ఉంటారు. ఈ డిసెంబర్‌లో నేను, మా ఇంటావిడ వాళ్ళ దగ్గరికి పోతున్నాం. అక్కడి నుంచి ఉషువాయా అనే ఊరికి మూడున్నర గంటల ఫ్లైట్, అల్లుడు టికెట్లు కూడా తీసేశాడు. ఊరికి 12 కిలోమీటర్ల దూరంలో టియెరా డెల్ ఫ్యూగో నేషనల్ పార్కు ఉందట. ఒక ఏజెంట్ సగం రోజు ప్యాకేజీ చెప్పాడు: చిన్న రైలు ఎక్కించి, బస్సులో తిప్పి, రోడ్డు చివర బోర్డు దగ్గర ఫోటో తీయించి తీసుకొస్తారు. అమ్మాయేమో గైడ్‌తో నడిచే టూర్ మంచిదంటోంది, దానికి రేటు ఎక్కువ. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఎవరైనా పోయొచ్చినవాళ్ళుంటే చెప్పండి, గైడ్ డబ్బులు దండగేనా? పెంగ్విన్లు కనిపిస్తాయా?

అచ్చంపేట బోటనీ:
అన్నా, ముందు పెంగ్విన్ల సంగతి చెప్పేస్తా. ఆ పార్కులో కనిపించవు. వాటి కోసం బీగిల్ ఛానల్ అనే సముద్రపు పాయలో మార్టిలో అనే దీవి దగ్గరికి పోవాలి, అది వేరే టూర్, వేరే రోజు. పార్కులో చూస్తామని ఆశపడి వచ్చి మొహం మాడ్చుకున్నవాళ్ళను నేనే చూశాను.

ఇక గైడ్. తీసుకోండి. దారి కోసమైతే అక్కర్లేదు, కాలిబాటల వెంట గుర్తు కర్రలు పాతి ఉంటాయి. గైడ్ లేకపోతే అక్కడ మనకు కనిపించేది తక్కువ, అదీ అసలు విషయం. నీళ్ళు, అవతల మంచు కొండలు, చెట్లు. గంటలో చూసేసి టీ ఎక్కడ దొరుకుతుందని వెతుక్కుంటాం. పులులు, ఏనుగుల్లాంటివి లేవు. అదృష్టముంటే ఒక నక్క, ఎర్ర తల వడ్రంగిపిట్ట, గడ్డిలో జంటగా మేసే పెద్ద బాతులు.

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను. మా తమ్ముడు ఆ దేశంలో పనిచేస్తున్నప్పుడు వెళ్ళాను. మా గైడ్ ఒక చిన్నమ్మాయి. ఎన్సెనాడా రేవు దగ్గర దిగాం. ఒడ్డున పచ్చగడ్డి కప్పిన దిబ్బలు, మధ్యలో గుంట. మా గుంపులో ఒకాయన మెత్తగా ఉందని కూర్చోబోతే ఆ అమ్మాయి ఆపింది. అవి ఆల్చిప్పల గుట్టలు. అక్కడ ఉండిన యామనా అనే జనం పడవల మీద బతికేవాళ్ళు, సముద్రపు ఆల్చిప్పలు ముఖ్యమైన తిండి. తిన్నాక చిప్పలు గుడిసె చుట్టూ పారేసేవాళ్ళు. తరాల తరబడి పేరుకుని గుట్టలయ్యాయి, గుడిసె ఉన్నచోట గుంట మిగిలింది. చెప్పకపోతే అది గడ్డే కదా మనకు. (ఒడ్డున ఆల్చిప్పలు కనిపిస్తే ఏరుకుని తినాలనుకునేవాళ్ళకు ఒక మాట: నీళ్ళలో ఒక రకం నాచుజీవులు పెరిగినప్పుడు వాటికి విషం ఎక్కుతుంది, ఉడికించినా పోదు.)

తర్వాత చెట్లు. నాకు బాగా నచ్చింది ఇదే, కొంచెం ఓపిక పట్టండి. అడవి మొత్తం దాదాపు ఒకే ప్రజాతి (జీనస్) చెట్లు, నోథోఫాగస్. అందులో లెంగా, నిర్రే ఆకు రాలుస్తాయి, గిందో ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. మన నల్లమలలో టేకు, మద్ది ఎండాకాలం ముందు ఆకు రాలుస్తాయి, నీళ్ళు దాచుకోవడానికి. అక్కడ నీళ్ళకు కొదవ లేదు, చలికి రాలుస్తాయి. మన దగ్గర పడిపోయిన మాను చెదలు పట్టి కొన్నేళ్ళలో మట్టిలో కలిసిపోతుంది. అక్కడ చలికి కుళ్ళడం చాలా నెమ్మది, మానులు పడ్డవి పడ్డట్టే ఉంటాయి, వాటి మీద నాచు, దాని మీద మొక్కలు. చిత్తడి నేలల్లో ఇంకా ఎక్కువ. స్ఫాగ్నం నాచు నీళ్ళు పట్టి ఉంచుతుంది, గాలి తగలదు, పైగా నేల పుల్లగా మారుతుంది. వేల ఏళ్ళ నాచు కుళ్ళకుండా పొరలు పొరలుగా ఉంటుంది, దాన్నే పీట్ అంటారు. లగూనా నెగ్రా అనే నల్లనీళ్ళ మడుగు దగ్గర దగ్గరగా చూడొచ్చు, దారి కూడా చిన్నదే.

కొమ్మల మీద నారింజ రంగు గుండ్రటి కాయల్లాంటివి ఉంటాయి. కాయలు కావు, బూజు జాతి. డార్విన్ 1830ల్లో ఆ తీరానికి వచ్చినప్పుడు సేకరించాడు, అందుకే దాని శాస్త్రీయ నామంలో ఆయన పేరుంది. యామనాలు తినేవాళ్ళట. పార్కులో కోయకూడదు కాబట్టి నేను రుచి చెప్పలేను.

బీవర్లు కూడా ఉన్నాయి, చెట్లు కొరికి వాగులకు కట్టలు కట్టే పెద్ద ఎలుక జాతి జంతువులు. 1946లో బొచ్చు వ్యాపారం కోసం కెనడా నుంచి ఇరవై జంతువులను తెచ్చి వదిలారు. వాటిని తినే జంతువు అక్కడ లేదు, ఇప్పుడు టియెరా డెల్ ఫ్యూగో దీవి అంతా వేలల్లో ఉన్నాయి. కెనడాలో అవి కొరికిన చెట్లలో చాలావాటికి మళ్ళీ చిగురొస్తుంది, లెంగాకు రాదు. వాగుకు కట్ట కడితే నీళ్ళు నిలిచి వేర్లు చచ్చిపోతాయి, తెల్లటి ఎండు మానులు ఎకరాల కొద్దీ నిలబడి ఉంటాయి. మన చెరువు కట్టల మీద బయటి నుంచి వచ్చి పాకిన సర్కారు తుమ్మ గుర్తొచ్చింది నాకు. ఆ ఎండు మానులను బస్సులోంచి చూస్తే బాగుందే అనిపించి ఫోటో కూడా తీసుకుంటారు జనం.

పాలమూరు సంచారి:
మేడం గారు చెట్లు చెప్పారు, నేను కాగితాలు చెప్తా. సార్, ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోవద్దు. అర్జెంటీనా మన ప్రభుత్వం ఎల్లో ఫీవర్ దేశాల లిస్టులో ఉంది. అక్కడి నుంచి బయల్దేరి ఆరు రోజుల లోపు ఇండియాలో దిగితే సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఉషువాయా చలికి ఆ జ్వరం తెచ్చే దోమ ఉండదు, కానీ ఎయిర్‌పోర్టులో ఆ వాదన నడవదు. హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేసుకున్న పది రోజుల తర్వాతే చెల్లుతుంది, ఆఖరి వారం దాకా ఆగొద్దు. వయసు 60 దాటితే ముందు డాక్టర్‌ను అడగండి.

దేవరకొండ డ్రైవర్:
ఇంత ఖర్చు పెట్టి చెట్లు, నాచు చూడ్డానికా అన్నా? మన్ననూరు గేటు దగ్గర జీపు ఎక్కితే ఫరహాబాద్ వ్యూ పాయింట్ దాకా గైడ్ కూడా వస్తాడు. మన అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు. ఆ పార్కు ఎంతుంటుంది?

అచ్చంపేట బోటనీ:
తమ్ముడూ, అమ్రాబాద్‌లో సుమారు నాలుగో వంతు ఉంటుంది. 1960లో పెట్టారు, అందులోనూ జనాన్ని వదిలేది దక్షిణం వైపు చిన్న ముక్కలోకే. మా ఊరి అడవిని తక్కువ చేయడం నాకు చేతకాదు. కానీ అన్న అక్కడికి ఎలాగూ కూతురి కోసం పోతున్నాడు కదా.

మిర్యాలగూడ మిల్లు:
చాలా థ్యాంక్స్ మేడం. టీకా సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, రేపే ఫోన్ చేస్తా. మరి మోకాళ్ళ సంగతి? మా ఆవిడ మెట్లు ఎక్కడమే కష్టం. ఆమెను రైలుకు పంపి నేను ఒక్కణ్ణే నడవాలా?

అచ్చంపేట బోటనీ:
అలా విడదీయొద్దు అన్నా, అవసరం లేదు. ఎన్సెనాడా నుంచి లపటాయా వైపు పోయే తీరం బాట 8 కిలోమీటర్లు. వేర్లు, బురద, ఎత్తుపల్లాలు. వదినకు అది వద్దు. పార్కు అనుమతి ఉన్న గైడ్‌తో వ్యాన్ మాట్లాడుకుని, లపటాయా అఖాతం దగ్గర చెక్క బాట, లగూనా నెగ్రా, బీవర్ల కట్ట చూసే చిన్న బాట, ఈ మూడూ అడగండి. దూరం తక్కువ, ఆగి ఆగి నడవొచ్చు. మధ్యలో అలాకుష్ సెంటర్‌లో టాయిలెట్లు, వేడి కాఫీ ఉంటాయి.

రైలు కూడా చెడ్డదేం కాదు. ఊళ్ళో జైలు ఉండేది, 1947లో మూసేశారు. ఖైదీలు కట్టెలు తేవడానికి వేసిన లైనులో కొంత భాగం అది. కిటికీలోంచి నరికిన మోడులు కనిపిస్తాయి. కొన్ని పొట్టివి, కొన్ని నడుమెత్తు. ఎత్తువి చలికాలం నరికినవట, మంచు పేరుకున్న ఎత్తు నుంచి రంపం పెట్టేవాళ్ళు. రైల్లో రికార్డింగ్ వినిపిస్తారు, గైడ్ పక్కనుంటే ఇంకా అడగొచ్చు.

బట్టలు: డిసెంబర్ వాళ్ళకు ఎండాకాలమే, అయినా మధ్యాహ్నం 15 డిగ్రీలు దాటితే గొప్ప. గాలి ఘోరం. గొడుగు తీసుకుపోతే తిరగబడుతుంది, గాలి ఆపే రెయిన్‌కోటు కొనండి, లోపల స్వెటర్. ఎండ, వాన, సన్నటి మంచు ఒకే పూటలో రావచ్చు. సన్‌స్క్రీన్ కూడా పెట్టుకోండి, అంత దక్షిణాన ఓజోన్ పొర పలచన. రాత్రి పది దాకా వెలుతురుంటుంది, పొద్దున ఐదు లోపే తెల్లారుతుంది. హోటల్లో మందపాటి పరదాలు ఉన్నాయో లేవో అడగండి, లేకపోతే వదినకు నిద్ర పట్టదు.

మిర్యాలగూడ మిల్లు:
సరే మేడం, వ్యాను, మూడు బాటలు. ఏజెంట్ ప్యాకేజీ వద్దని అల్లుడికి చెప్పేశా. పెంగ్విన్ల దీవికి ఇంకో రోజు అడుగుతున్నాడు, మా ఆవిడ అప్పుడే సై అంది.